నేషనల్ నాది, ఇంటర్నేషనల్ మల్లేశన్నది

నిన్న పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే మా పాత ప్రిపరేషన్ గ్రూపులో మెసేజ్ వచ్చింది.

మల్లేశన్న పోయాడని.

మూడుసార్లు చదివాను. వేరే మల్లేశ్ ఎవరైనా ఉన్నాడేమో అని కూడా చూశాను. కింద ఎవరో ఫొటో పెట్టాక ఇక నమ్మక తప్పలేదు.

డ్యూటీలో ఛాతీ నొప్పి అన్నాడట. తాండూరు ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది.

ఇది మామూలు నివాళి పోస్ట్ కాదు. ఆయన గొప్పతనం మాత్రమే రాసి, నా సంగతి దాచేస్తే నాకు అన్నం సహించదు.

తెలియనివాళ్లకు చెప్తాను. మల్లేశన్నది పూడూరు దగ్గర ఊరు, గొర్రెలు కాసుకునే ఇల్లు. మాది నవాబుపేట వైపు, మాదీ అదే పని. ఆయన తాండూరులో గది తీసుకుని, కరణ్‌కోట వైపు సిమెంట్ లోడింగ్‌కు వెళ్లేవాడు. నేను వికారాబాద్ లైబ్రరీలో పొద్దంతా కూర్చునేవాణ్ణి. ఇద్దరం సర్కారు కొలువు కోసమే చదివేది.

కరెంట్ అఫైర్స్ ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అందుకే పంచుకున్నాం.

"ఇంటర్నేషనల్ నేను జూస్కుంట, నేషనల్ నువ్వు జూస్కో తమ్మి" అన్నాడు.

ఆదివారం ఆయన రైల్లో వచ్చేవాడు. వికారాబాద్ స్టేషన్ బెంచీ మీద బుక్కులు మార్చుకునేవాళ్లం. ఆయన బుక్కు అంటే పనికిరాని కాగితాల వెనక వైపు రాసి, బస్తాలు కుట్టే దారంతో కుట్టింది. తెరిస్తే ఒళ్లో సిమెంట్ దుమ్ము పడేది. కానీ అక్షరాలు ముత్యాలు. సమ్మిట్లు, ఒప్పందాలు, కరెన్సీలు, ఏ దేశంలో ఎవరు గెలిచారు, అన్నీ ఉండేవి.

ఒకసారి వాళ్ల ఊరికి పోయాను. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి నాకు ఎన్నిసార్లు చదివినా ఎక్కేది కాదు. మంద దగ్గరికి తీసుకెళ్లి, గంటలు కట్టిన ఐదు పొట్టేళ్లను చూపించాడు. ఐదింటికీ ఐదు శాశ్వత సభ్య దేశాల పేర్లు పెట్టాడు. అందులో ఒకటి కాలువ దగ్గర మొండికేసి నిలబడితే మిగతా మందంతా ఆగిపోయింది.

"సూసినవా, గీడొక్కడు వద్దంటే అందరు ఆగుడే. గదే వీటో" అన్నాడు.

వాళ్ల నాయన దూరం నుంచి తిట్టడం మొదలుపెట్టాడు, గొర్రెలతో ఏం రాజకీయాలురా అని. ఆ రోజు నవ్వినట్టు మళ్లీ నవ్వలేదు నేను.

ఇక అసలు సంగతి.

ఆ నోటిఫికేషన్‌లో జిల్లాకు, మా కేటగిరీలో ఉన్నది ఒకే ఒక్క పోస్టు. ఏజ్ లిమిట్ లెక్కన ఆయనకు అదే ఆఖరి ఛాన్స్. ఆ సంగతి నాకు బాగా తెలుసు. మాక్ టెస్టుల్లో ఎప్పుడూ ఆయనకే ఎక్కువ వచ్చేవి. అదీ తెలుసు.

ఎగ్జామ్‌కు ముందు ఆదివారం, నా బుక్కులోంచి చివరి నెల పేజీలు తీసేసి, మిగతా బుక్కు ఇచ్చాను.

నాలుగు పేజీలు. కొత్త స్కీములు, అవార్డులు, నియామకాలు అన్నీ వాటిలోనే ఉన్నాయి.

ఈ నెల పెద్దగా ఏం లేదన్నా అని చెప్పాను. సరే అన్నాడు. అప్పుడు ఆయనకు డబుల్ డ్యూటీలు, పేపర్ చూసే తీరిక లేదు. నా బుక్కే ఆధారం. ఆయన బుక్కు మాత్రం నేను మొత్తం తీసుకున్నాను, సిగ్గు లేకుండా.

ఎగ్జామ్ పేపర్లో ఇంటర్నేషనల్ బిట్లన్నీ కరెక్టుగా పెట్టాను. నేషనల్‌లో మూడు బిట్లు ఆ నాలుగు పేజీల్లోంచే వచ్చాయి.

ఉద్యోగం నాకొచ్చింది. నా వెనకే ఉన్న పేరు ఆయనది. తేడా ఆ మూడు బిట్లంత కూడా లేదు.

నేను జాయిన్ అయిన రోజు డ్యూటీ మానుకుని వికారాబాద్ వచ్చాడు. నా భుజాన శాలువా కప్పాడు. ఆఫీసు గేటు బయట చాయ్ తాగుతూ అన్న మాట ఇది:

"గా మూడు బిట్లు నీ బుక్కుల గూడ లేకుండె తమ్మి. నువ్వు గూడ తప్పు వెట్టి ఉంటవని మస్తు ఫికరైంది. నాది పోతే పోయింది, నీది యాడ పోతదో అని."

నేను ఏమన్నానో తెలుసా? "అవునన్నా, నేనూ తప్పే పెట్టినా" అన్నాను.

చాయ్ డబ్బులు కూడా ఆయనతోనే ఇప్పించాను.

తర్వాత ఆయన మళ్లీ లోడింగ్‌కే పోయాడు. కొలువు రాలేదని ఏనాడూ ఒక్క మాట అనలేదు. కొత్తగా చదివే పిల్లలకు ఇంటర్నేషనల్ బిట్లు గ్రూపులో పెట్టడం ఆపలేదు. నేను అవి తెరిచి చూడటం మానేశాను. పనెక్కువని అందరికీ చెప్పేవాణ్ణి.

నిన్న వాళ్ల ఊరికి పోతే వదిన నన్ను జనం మధ్యలోంచి ముందుకు పిలిచింది. మా ఆయనతో కలిసి చదివిన సారు అని బంధువులకు చూపించింది. డిగ్రీ చదివే బిడ్డ నా దగ్గరికి వచ్చి, "నేషనల్ మీ దగ్గర నేర్సుకోమన్నడు నాయన" అంది.

నేను తల ఊపి వచ్చేశాను.

వదినకు చెప్పకుండా ముందు ఇక్కడ రాయడం ఇంకో దొంగతనం అవుతుంది. అందుకే ఇవాళ పొద్దున మళ్లీ ఆ ఊరికే పోయి, ఆమె ముందు కూర్చుని అంతా చెప్పాను. ఈ పోస్ట్ సంగతి కూడా చెప్పాను.

ఆమె ఒక్కటే అడిగింది.

"ఆయనకు తెల్వదు గద?"

తెలియదు వదినా అన్నాను.

"మంచిగైంది" అని లోపలికి పోయింది.

కామెంట్లలో దయచేసి నన్ను ఎవరూ ఓదార్చకండి.

మల్లేశన్నా, పోయిరా. నీ మనసుకు ఎప్పుడూ ఉన్న శాంతే అక్కడా ఉండాలి. నాకోసం దాన్ని అడిగే ముఖం నాకు లేదు.