చంద్రి కాలు కోసం కోవిల్‌పట్టి దాకా

మా చంద్రి పెళ్లికొడుకులను మోసే తెల్లగుర్రం. పోయిన వారం కర్నూలులో ఒక బరాత్ నడుస్తుండగా కాలువ మీది బండ కదిలి, దాని ముందరి ఎడమకాలు సందులో ఇరుక్కుంది. పెళ్లికొడుకు మెడలో దండయినా నలగలేదు గానీ, చంద్రికి గిట్ట పైనుండే కీలులో ఎముక ముక్కలయింది. డాక్టరు కట్టు కట్టి, ఎక్స్‌రే చూపించి, "ప్లేటూ స్క్రూలూ వేసి ఆ కీలు కదలకుండా అతికిస్తాం. పరుగెత్తదు, నడుస్తుంది. త్వరగా తేల్చుకోండి" అన్నాడు.

నాకు నమ్మకం కుదరలేదు. కాలు విరిగిన గుర్రం బతికిందన్న మాట మా వంశంలో ఎవరూ విన్నది కాదు. దాన్ని ఇంకా బాధపెట్టడమెందుకు, సూదిమందుతో నిద్రపుచ్చమందాం అన్నాను. నా భార్య సాలమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇదే ఆపరేషన్ జరిగిన గుర్రం ఒకటి తమిళనాడులో కోవిల్‌పట్టి దగ్గర పల్లెలో ఉందని డాక్టరు చెబితే, ఆమే నా సంచి సర్దింది. "పొయ్యి నీ కండ్లతో సూసిరా. సూసినాక నువ్వేమన్నా ఇంటా" అంది.

సాయంత్రం రైలెక్కి, మర్నాడు మధ్యాహ్నం మదురైలో దిగి, బస్సులో విరుదునగర్ చేరేసరికి నాలుగున్నర. బస్టాండు పక్కనే లాడ్జి, గది శుభ్రంగానే ఉంది. రాత్రికి అక్కడి నూనె పరోటా తిన్నాను. కరకరలాడుతుంది, రుచే, కానీ నా వయసువాళ్లు ఒకటితో ఆపడం మంచిది. నేను మూడు తిని తెల్లవార్లూ దొర్లాను.

ఉదయం ఏడింటికి కోవిల్‌పట్టి బస్సు. రోడ్డుకు రెండు వైపులా నల్లరేగడి, మిరప, పత్తి. సాలమ్మతో ఫోనులో మాట్లాడుతుంటే పక్క సీటులో ఉన్న అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ పనామె ఆసక్తిగా విని, "ఏ ఊరన్నా మీది? మేమూ తెలుగే. ఇంట్లో మాట్టాడేదే, చదివేదానికి రాదు" అంది. ఆ మాట తీరు అచ్చం మా అవ్వదే. ఎందుకొచ్చానో చెప్తే, "గుర్రానికి కాలు అతికిచ్చినారా? ఆ రంగసామి ఇల్లు నాకు తెలుసు" అని, కోవిల్‌పట్టిలో దిగాక ఎక్కాల్సిన టౌన్ బస్సు దాకా తోడొచ్చింది. తెలుగువాళ్లు ఈ దారిలో కొంచెం గట్టిగా మాట్లాడితే చాలు, దారి తప్పరు.

రంగసామి మెట్టపొలాల రైతు. ఆయన గుర్రం మణి ఒకప్పుడు పందెపు బండి లాగేది. నన్ను చూసి అదే నడిచొచ్చింది. ఎడమ ముందరికాలు గిట్ట పైన లావుగా, గట్టిగా ఉంది. కోసినచోట వెంట్రుకలు తెల్లగా మొలిచాయి. అడుగు కాస్త పొట్టిగా పడుతోంది, అంతే. బిగించిన ఇనుము లోపలే ఉందట.

"పందెము పోయె, ప్రాణము ఉండాది" అన్నాడు రంగసామి.

గుడ్డి కన్నా మెల్ల నయం. మా చంద్రికి కావలసింది నడకే కదా! నా గుండె తేలికపడింది. వచ్చిన పని అయిపోయిందనుకుని మజ్జిగ తాగి లేచాను. అప్పుడు రంగసామి భార్య రామలక్ష్మి అడిగింది.

"మీ గుర్రము ఇప్పుడు దేని మింద నిలబడి ఉండాది?"

"కడప బండల మీదమ్మా. కడగడానికి సులువని వేయించాం. పైన గడ్డి పరిచాం."

ఆమె మొహం మారిపోయింది. "విరిగిన కాలు డాక్టరు చూస్తాడన్నా. మంచి కాలు మనమే చూడల్ల. బరువంతా దాని మిందే కదా? మాది అట్లనే చెడిపోయేదానికి చూసె. మోకాటి మట్టం ఇసక పోస్తిమి. దినమూ గిట్ట పట్టుకొని వేడి చూస్తా ఉంటి."

నేను చూడాల్సిన కాలు వదిలేసి ఇంకో కాలు చూడటానికి ఇంత దూరం వచ్చానా అనిపించింది. అక్కడే నిలబడి సాలమ్మకు ఫోను కలిపాను. "కట్టు కట్టిన కాలు కాదే, పక్కది. గిట్ట పట్టి చూడు" అన్నాను. ఆమె చూసి మళ్లీ ఫోనులోకి వచ్చేదాకా వాకిట్లో అటూ ఇటూ తిరిగాను.

"ఎనక గిట్టలు సల్లగుండాయి. ఇది ఎచ్చగా తగలతాంది. ఏమైతాంది దానికి?"

వెంటనే డాక్టరుకు చేశాను. ఆయన నన్ను తిట్టలేదు, అదే ఎక్కువ. "ఇసుక పోయించండి, గిట్ట కింద మెత్త నేనొచ్చి కడతాను. కానీ విరిగిన కాలు బరువు మోస్తే తప్ప దీనికి విశ్రాంతి లేదు. రేపు ఉదయమే చేద్దామా?" అన్నాడు. నిదానమే ప్రధానం అనుకుంటూ ఇన్నాళ్లు గడిపిన నేను, "చేయండి సార్" అన్నాను.

బస్సు దగ్గర రామలక్ష్మి వేరుశనగ మిఠాయి పొట్లం చేతిలో పెట్టి, "మత్తు దిగేటప్పుడే బయము. గాబరాగా లేస్తే కట్టిందంతా విరిగిపోతాది. దాన్ని పేరు పెట్టి పిలవొద్దని చెప్పండి మీ ఆమెకు" అంది.

మదురైలో రాత్రి రైలు పట్టుకున్నాను. నిద్ర ఎక్కడిది! ఈ దారిలో వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒకటే. ఆ ఎర్రటి ఎండలో, నల్లటి నేలలో, ముక్కూమొహం తెలియని మనిషి గుర్రం కోసం అంత కంగారు పడే ఇల్లు నేను ఇంకోటి చూడలేదు. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లారని ఉదయం తొమ్మిదింటికి కబురొచ్చింది. తర్వాత ఏమీ లేదు. ఎదురు సీటు పెద్దాయన ఇడ్లీ పెట్టబోతే వద్దన్నాను.

గుత్తి దాటాక ఫోను మోగింది.

"లేసినాది" అంది సాలమ్మ. "ఒకసారి లేవబోయి మల్ల పండుకునింది. నేను నోరు మూసుకోనుంటి. రెండోసారి నిమ్మళంగా లేసింది."

"కట్టుకాలు ఆనించిందా?"

"ఆనించింది. మంచి కాలు పైకెత్తి, ఇదిలించుకుంటాంది."