ఎల్స్పా విన్న నిశ్శబ్దం

మా పక్కింటి ఎల్స్పా మొగుణ్ణి చేపల వేటలో సముద్రం తీసుకుపోయింది. అందుకే ఒక్కగానొక్క కొడుకు హానుస్‌ను ఆమె పడవెక్కనివ్వలేదు. "కొండకైతే పంపుతా. కొండ కదలదుగా!" అనేది. ఫారో దీవుల ఉత్తరపు కొసన ఉన్న మా ఊళ్ళో చేపలూ, కొండ మీది పక్షులూ తప్ప మూడో బతుకుతెరువు లేదు. గొర్రెలున్నా అవి చలికాలానికే చాలవు.

ఒక ఏడాది, కొండ పక్షులు గుడ్లు పెట్టే కాలంలో మగవాళ్ళలో సగంమంది కాడ్ చేపలకు పోయారు. గుడ్లకోసం కొండ దిగేవాడి తాడు పట్టేందుకు మనుషులు చాలక ఆడవాళ్ళమూ వెళ్ళాం. నన్నెవరూ పిలవలేదనుకోండి. ఊళ్ళో జరిగేది కళ్ళారా చూడకపోతే నాకు తిన్నది అరగదు.

హానుస్ నడుముకూ తొడలకూ తాడు కట్టుకుని, చివర వల బిగించిన పొడుగాటి వలకర్ర పట్టుకుని దిగుతుంటే, ఎల్స్పా కొండ అంచున బోర్లా పడుకుంది. కింద వాడు తాడు కుదిపితే ఆమె చెయ్యెత్తాలి, అప్పుడు మేం లాగాలి.

"మేజోళ్ళు తడుపుకోకు నాయనా!"

"ఊరుకోవే అమ్మా, పక్షులు నవ్వుతున్నాయి" అంటూ వాడు దిగిపోయాడు.

కింద రాతి అరుగుల మీద లొమ్విగి అనే సముద్రపు పక్షులు ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చుంటాయి. వాటి గోల మేం పుట్టినప్పటినుంచీ మా చెవుల్లో ఉన్నదే. అరుగు చేరాక వాడు తాడు విప్పి ఒక రాతికి చుట్టి, గుడ్లు ఏరడానికి పక్కకు పోతాడు. తిరిగొచ్చి కట్టుకున్నాక కుదుపుతాడు. ఆ కుదుపు రాకుండా తాడు లాగకూడదని మా పసిపిల్లలకు కూడా తెలుసు.

ఇంతలో పొగమంచు కమ్మింది. అంచు కింద ఏమీ కనబడలేదు. కింద ఎక్కడో రాళ్ళు దొర్లిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఎంతసేపు చూసినా తాడు కదల్లేదు.

తాడు దగ్గర పెద్దరికం నిక్లాస్‌ది. ఎల్స్పాకు మరిది. 

"లాగేద్దాం వదినా. దెబ్బ తగిలి వేలాడుతున్నాడేమో."

"కుదుపు రాలేదయ్యా."

"స్పృహ లేనోడు ఎట్టా కుదుపుతాడు?"

ఆమె చెయ్యెత్తలేదు. అయినా నిక్లాస్ లాగమన్నాడు, లాగాం. తాడు తేలిగ్గా వచ్చేసింది. చివర ఉత్త ఉచ్చు. రాతికి చుట్టిన ముడి మా బలానికి జారిపోయినట్టుంది.

ఇక కింద వాడికి తాడే లేదు. ఆ కొండ పైభాగం గొడుగులా ముందుకు వంగి ఉంటుంది. మనిషైతే ఊగి అరుగు మీదికి చేరతాడు గానీ, ఉత్త తాడు వదిలితే అరుగుకు అందకుండా గాల్లో వేలాడుతుంది. పైగా వాడు ఏ అరుగున, ఏ మూల ఉన్నాడో? పిలిచాం. ఆ గోలలో మా గొంతు మాకే వినబడలేదు. 

"నోళ్ళు ముయ్యండి!" అంది ఎల్స్పా.

అంచు పొడుగునా పాకుతూ, తల కిందికి వేలాడేసి వినసాగింది. ఆమె కాళ్ళు నేను పట్టుకున్నాను. చాలాదూరం పాకాక ఆగింది.

"ఇక్కడ కింద పక్షి కూయట్లేదే."

మనిషి నిలబడ్డ చోట లొమ్విగి ఉండదు. అంతటి గోలలోనూ అక్కడ ఒక్కచోట మాత్రం బావిలా నిశ్శబ్దం. అది బతికున్నవాడి నిశ్శబ్దమో కాదో ఆమెకూ తెలియదు. నా చేతుల్లో ఆమె మడమలు మంచుగడ్డల్లా ఉన్నాయి.

తాడు అక్కడికి మార్చి, చివర రాయి కట్టి, ఉయ్యాలలా ఊపాం. ఎన్నిసార్లు ఊపినా ఖాళీగానే తిరిగొచ్చింది. చివరికి ఏదో పట్టుకున్నట్టు బిగుసుకుంది.  కుదుపు వచ్చింది. ఎల్స్పా చెయ్యెత్తింది.

పైకొచ్చిన హానుస్ మోకాలి నుంచి నెత్తురు కారుతోంది. రాళ్ళు పడుతుంటే అరుగు చివరికంటా పారిపోయాడట. వలకర్రతో తాడు అందుకున్నాడట.

"నా తాడు మీద అంత మనసు పడ్డావా చిన్నాన్నా?" అన్నాడు. నిక్లాస్ వెనక్కి తిరిగి ఏడ్చాడు. ఎల్స్పా కొడుకు చెంప ఛెళ్ళుమనిపించి, ఆ చెంపనే పట్టుకుని వదల్లేదు.

హానుస్ ఇప్పటికీ కొండ దిగుతూనే ఉన్నాడు. కానీ వేసవి చివర పిల్లల్ని వెంటబెట్టుకుని లొమ్విగులు సముద్రంలోకి వెళ్ళిపోతాయి. కొండ మొత్తం మూగబోతుంది. ఆ రోజుల్లో ఆ నిశ్శబ్దం వింటూ ఎల్స్పా తన ఇంట్లో ఉండలేకపోతుంది. కొడుకు పక్కగదిలో గురక పెడుతున్నా సరే, శాలువా కప్పుకుని మా తలుపు తోసుకుని వచ్చేస్తుంది.

"ఏదో ఒకటి మాట్లాడవే" అంటుంది.

నేను కాఫీ పెట్టి, ఆపకుండా మాట్లాడుతూ కూర్చుంటాను.