మా జీపు ఫిల్టరు మీద మూడు ఎర్ర చుక్కలు

మా చిన్నప్పుడు... గురువారం సాయంత్రమైతే చాలు, మా ఊరి జీపుల స్టాండు గోడ దగ్గర ఒకటే దబదబలు. మర్నాడు అరకు సంత. డ్రైవర్లందరూ ఇంజన్లలోంచి ఎయిర్ ఫిల్టర్లు తీసి గోడకేసి దులిపేవాళ్ళు. వారమంతా పీల్చిన ఎర్రదుమ్ము పొగలా లేచేది... నాన్న దులుపుతుంటే నేను గుడ్డతో తుడిచేదాన్ని.

అన్ని ఫిల్టర్లూ ఒక్కలాగే ఉంటాయి కదా, తారుమారయ్యేవి. అందుకే అమ్మ గోళ్ళరంగు సీసా తెచ్చి, మా ఫిల్టరు అంచున మూడు ఎర్ర చుక్కలు పెట్టింది. పెళ్ళిళ్ళకి అరువిచ్చే మా గిన్నెల అడుగున, సంతకెళ్ళే మా గోనెసంచి మీద కూడా అవే మూడు చుక్కలు. అది మా ఇంటి గుర్తు.

"జీపుకి కూడా బొట్టెట్టి పంపుతాంది బావా నీ పెళ్ళాం" అనేవాడు పక్క బండి అప్పన్న మావ.

"వదిన నీకే సరిగ్గా అన్నం ఎట్టదు, నీ బండికి బొట్టేటి ఎడతాదన్నా" అనేది అమ్మ.

ఏళ్ళపాటు ఎవరెవరి బళ్ళో తోలిన నాన్నకి అది మొదటి సొంత బండి. కొత్తది. సర్వీసు బయట చేయిస్తే వారంటీ పోతుందని షోరూమువాళ్ళు బెదిరించేవారు. అందుకని ప్రతిసారీ ఘాట్ దిగి విశాఖ వెళ్ళేవాడు. గాజుగది బయట బెంచీ మీద పొద్దల్లా కూర్చునేవాడు... లోపల బండికి ఏం చేస్తున్నారో చూడనిచ్చేవారు కాదు.

అలా ఒకసారి వెళ్ళొచ్చిన మర్నాడే గురువారం. నేను అప్పుడు ఆరో తరగతి. ఇంగ్లీషు బిల్లు కూడబలుక్కుని చదివాను. ఎయిర్ ఫిల్టరు మార్చారట. బ్రేక్ ఆయిల్ కొత్తది పోశారట. ఇంజన్ లోపల కడిగారట, కింద ఏదో పూత పూశారట, ఏసీలో సెంటు కొట్టారట... మా జీపుకి ఏసీయే లేదు.

నాన్న ఫిల్టరు బయటికి తీశాడు. దాని అంచున మూడు ఎర్ర చుక్కలు.

బ్రేక్ ఆయిల్ డబ్బాలోకి చూశాను. కొత్త ఆయిల్ లేత తేనెరంగులో ఉంటుందని నాన్నే నేర్పాడు. మాది కాఫీ డికాషన్‌లా ఉంది.

నాన్న సర్వీసు అడ్వైజరుకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"బాబూ, ఫిల్టరు మార్సలేదండి. మా ఇంటిది ఎట్టిన సుక్కలు అలాగే ఉన్నాయి."

అవతల నవ్వు. "ఆ చుక్కలు కంపెనీవే. కొత్తవాటి మీద అలాగే వస్తాయి. మీ కొండోళ్ళు బండెక్కడం నేర్చుకున్నారు, అది చాలు. మాకు పని నేర్పకండి."

"రేపు బండి తియ్యకు నానా" అన్నాను.

"ఊరంతా మూటలు కట్టుకుని కూకున్నారే గుంటా. అంత పెద్ద షోరూమోడు బ్రేకు కాడ కూడా అబద్దమాడతాడేటి..."

ఆడాడు. బ్రేక్ ఆయిల్ పాతబడితే తేమ చేరుతుంది. కొండ దిగుతూ పదేపదే తొక్కితే వేడికి మరుగుతుంది, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. ఈ సంగతి నేను తర్వాత నేర్చుకున్నాను. నాన్న కాలికి ఆ శుక్రవారమే తెలిసింది. లోయలోకి పోకుండా జీపుని కొండకేసి రాసి ఆపాడు. ఎక్కినవాళ్ళకి గీరుకుపోయిందంతే. నాన్న కుడి మోకాలు నుజ్జయింది. మళ్ళీ స్టీరింగ్ పట్టలేదు...

నేను పానా పట్టింది సరదాకి కాదు. పాత బళ్ళు విప్పి, ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఇప్పుడు రోడ్డు పక్కన రేకుల షెడ్డు నాది. వచ్చిన ప్రతివాళ్ళకీ ఒకటే చెప్తాను. వారంటీ ఉన్నన్నాళ్ళు పుస్తకంలో రాసిన సర్వీసుకి షోరూముకే వెళ్ళండి. ఎయిర్‌బ్యాగుకి, కంప్యూటర్ పెట్టెకి కూడా అక్కడికే... దండగ కాదు. కంపెనీ తన తప్పు ఒప్పుకుని ఊరికే మార్చే పార్టుని అసలు వదలొద్దు. పుస్తకంలో లేకుండా బిల్లులో పుట్టే కడుగుళ్ళు, పూతలు, సెంట్లు మాత్రం మొహం మీదే వద్దనండి. వారంటీ అయ్యాక ఆయిలూ ఫిల్టర్లూ నమ్మకమైన మెకానిక్ చాలు. బ్రేక్ ఆయిల్ ఎవరు మార్చినా సరే... మీ కళ్ళముందు మార్చాలి. కొండ దిగేవాళ్ళు గడువు ఒక్కరోజు కూడా దాటనివ్వొద్దు.

పోయిన నెల అప్పన్న మావ కొత్త బండి అదే షోరూముకి సర్వీసుకి వెళ్ళింది. ముందురోజే ఫిల్టరు మీద మూడు చుక్కలు పెట్టాను. బ్రేక్ ఆయిల్ మూత మీంచి డబ్బా మీదకి ఒక గీత గీశాను, మూత తిప్పితే గీత తెగుతుంది. ఫోటోలు తీశాను. నాన్ననీ తీసుకెళ్ళాను.

బిల్లులో అన్నీ కొత్తవే. గేటు దాటకుండా, కస్టమర్లందరి ముందు బానెట్ ఎత్తి, ఫిల్టరు బయటికి తీశాను. గీత తెగలేదు. చుక్కలు చెరగలేదు.

"ఏంటమ్మా గొడవ" అంటూ మేనేజరు వచ్చాడు. ఆనాడు ఫోన్‌లో నవ్విన గొంతే... నిద్రలో విన్నా గుర్తుపడతాను.

"ఈ చుక్కలు కంపెనీవేనా సార్" అన్నాను.

మొహం మాడిపోయింది. "కింద కుర్రాళ్ళ పొరపాటు..." అని నసిగాడు.

"ఏటి పొరపాటు... ఆ బెంచీ మీద మా బావున్నాడు, ఓపాలి ఆ కాలు సూసి మాటాడు" అన్నాడు అప్పన్న మావ.

అప్పటికే మిగతా కస్టమర్లు తమ బానెట్లు ఎత్తించడం మొదలుపెట్టారు. అన్నీ మా కళ్ళముందు మార్పించాను. మొదట మార్చలేదని కాగితం మీద రాయించి, మేనేజరు చేత సంతకం పెట్టించాను. అది పట్టుకుని వినియోగదారుల కోర్టుకి వెళ్తున్నాను. రాజీకి రమ్మని రోజూ ఫోన్లు... ఒప్పుకోను. చెయ్యనీ, నేనూ స్పీకర్ పెట్టి ఊరందరికీ వినిపిస్తున్నాను.

ఆ రోజు షోరూము నుంచి వచ్చేటప్పుడు బండిలో నాన్న అడిగాడు. "కోపం తీరిందేటే గుంటా?"

"లేదు నానా."

"నాకూ తీర్లేదులే... బేగి పోనీ, మంచు దిగకముందే ఘాట్ ఎక్కాలి."

అప్పట్లో చుక్కలు పెట్టేది, ఎక్కడ తప్పిపోయినా మన వస్తువు మళ్ళీ మన ఇంటికి చేరాలని. చేరేది కూడా... ఎవరో ఒకరు చూసి తెచ్చిచ్చేవాళ్ళు. ఇప్పుడు ఆ గోళ్ళరంగు నా పానాల పెట్టెలో ఉంటోంది. ఎవడో అబద్ధమాడతాడని ముందే తెలిసి పెడుతున్నాను.

మీ ఇంటి గిన్నెల మీద ఏ గుర్తు ఉండేది? కింద రాయండి... ఈసారి బండి సర్వీసుకి ఇచ్చే ముందు, అదే గుర్తు ఫిల్టరు మీద పెట్టండి.