అన్న గిటార్‌కు కొత్త పికప్‌లు

దయ్యాలు ఉన్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. పుట్టి పెరిగింది జమ్మలమడుగులో. మా వైపు మనుషులకు భయపడడానికే పొద్దు చాలేది కాదు, ఇక దయ్యాలకు భయపడే తీరిక ఎవరికుంది? పైగా నాది ప్రొద్దుటూరులో టీవీలూ ఆంప్లిఫయర్లూ బాగుచేసే పని. స్పీకర్లో ఏ చప్పుడు వచ్చినా దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఒక్క చప్పుడుకు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. దాని గురించే రాస్తున్నాను.

మా అన్న జయరాజు గిటార్ వాయించేవాడు. మొదట మా చర్చిలో, ఆ తర్వాత ప్రొద్దుటూరులో బాషా మామ నడిపే ఆర్కెస్ట్రాలో. బాషా మామ మాకు చుట్టమేమీ కాదు, వరస పెట్టి పిలుచుకునేవాళ్ళం. అన్న దగ్గరున్నది బెంగళూరులో ఎవరో వాడి అమ్మేసిన ఎలక్ట్రిక్ గిటార్.

ఈ గిటార్లలో తీగల కింద పికప్ అని ఒకటి ఉంటుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బీ, లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి వైరు. తీగ కదిలితే ఆ కదలికను ఆంప్లిఫయర్‌కు పంపేది అదే. కొత్త పికప్‌లో వైరు కదలకుండా మైనం పోసి బిగిస్తారు. అన్న గిటార్‌లోని పికప్‌లు పాతబడి, లోపలి మైనం ఎప్పుడో పోయింది. అందుకని వాటిని తాకినా, వాటి ముందు గట్టిగా అరిచినా స్పీకర్లో వినిపించేది. నా చిన్నప్పుడు నేను అందులోకి ‘ఓ’ అని అరిస్తే స్పీకర్లోంచి నా గొంతే వచ్చేది. అన్న పడీపడీ నవ్వేవాడు.

అన్నకొక అలవాటుండేది. వాయించడం మొదలుపెట్టే ముందు వేలి ఉంగరంతో పికప్ మీద కొట్టేవాడు. టక్ టక్ అని రెండు, కాస్త ఆగి ఇంకొకటి. ఇంట్లో అయితే వంటింట్లోంచి అమ్మ “ఊఁ, కానీ నాయనా” అనాలి. అమ్మ అనకపోతే మొదలుపెట్టేవాడు కాదు. కూర మాడిపోతున్నా సరే, అమ్మ ఆ మాట అనవలసిందే.

ముద్దనూరు దగ్గరి ఒక పల్లెలో, ఒక వర్గం నాయకుడి ఇంట్లో పెళ్ళికి అన్న వాళ్ళు వాయించడానికి వెళ్ళారు. ఎదుటి వర్గం వాళ్ళు జీపులో వచ్చి పందిట్లోకి నాటుబాంబులు విసిరారు. వాళ్ళకు కావలసిన నాయకుడు తప్పించుకున్నాడు. స్టేజీ మీదున్న మా అన్న పోయాడు. ఏ వర్గమూ కాదు, ఏ పార్టీ జెండా పట్టినవాడూ కాదు. బాంబులో కూరిన మేకు ఒకటి గిటార్ పికప్‌లో దిగబడి ఉండగా ఆ గిటార్‌ను మా ఇంటికి తెచ్చి ఇచ్చారు.

జీపులోని మనుషులను బాషా మామ గుర్తుపట్టాడు. పోలీసుల దగ్గర పేర్లు కూడా చెప్పాడు. ఆ కేసుకు ఉన్న బలమంతా ఆ సాక్ష్యమే. జీపు ఎవరిదో జిల్లా అంతటికీ తెలుసు. ఆయన్ని మా వైపు అందరూ పెద్దాయన అంటారు. నేనూ అలాగే అంటాను, అలవాటు పోలేదు.

కేసు నడుస్తుండగానే ఎన్నికలొచ్చాయి. రెండు వర్గాలూ ఒకే పార్టీలో చేరాయి. చేరి ఊరుకోలేదు, వియ్యమందుకున్నాయి. బాంబులు వేయించినవాడి కూతురిని బాంబులు వేయించుకున్నవాడి కొడుక్కి ఇచ్చారు. మధ్యలో పోయినవాడి సంగతి ఎవరికి కావాలి?

కావలసి వచ్చింది. కోర్టులో సాక్షుల విచారణ దగ్గరపడింది కాబట్టి. మా వైపు రాజీ అంటే కాగితాలూ సంతకాలూ కాదు. చచ్చినవాడి ఇంటివాళ్ళు వచ్చి ఎదుటివాడి భోజనాల బంతిలో కూర్చుని ఒక ముద్ద తింటే చాలు, అయిపోయినట్టే. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తకూడదు, సాక్షులు కోర్టులో నోరు విప్పకూడదు. పులివెందులలో పెళ్ళి, అమ్మ వచ్చి భోజనం చెయ్యాలి, పాత ఆర్కెస్ట్రానే వాయించాలి, అందులో జయరాజు గిటార్ కూడా ఉండాలి. ఇదీ పెద్దాయన పంపిన కబురు. ఎవరి మనసులోనూ ఏమీ లేదని నలుగురూ చూడాలట.

కబురు మోసుకొచ్చింది బాషా మామే. నా ముఖం చూడలేక షాపులోని టీవీల వైపు చూస్తూ మాట్లాడాడు.

“నాకూ పిల్లలుండారప్పా. నన్నేం చెయ్యమంటావో నువ్వే చెప్పు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టి పంపాను. ఇంటికెళ్ళి చెబితే, అమ్మ వస్తానంది. మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసి ఎన్నో చావులు చూసిన మనిషి. క్షమించడం గొప్పదని పాస్టరు గారు అంతకుముందే వచ్చి చెప్పి వెళ్ళారు. అమ్మ మాత్రం క్షమాపణ గురించి మాట్లాడలేదు.

“పోయినోడు ఎట్లాగూ రాడు. ఉండేవాడినన్నా మిగుల్చుకోవల్ల గదా,” అంది.

ఉండేవాడిని నేను. ఆ మాట విన్నాక ఏమంటాను? ఆమెనొక్కదాన్నే ఆ బంతిలో కూర్చోనివ్వలేను. చర్చిలో అంతో ఇంతో వాయించేవాణ్ణి కాబట్టి గిటార్ నేనే వాయిస్తానన్నాను.

ముందు దాన్ని బాగుచెయ్యాలి. మోటార్లకు వైరు చుట్టే మనిషికి చూపిస్తే, ఇంత సన్న వైరు తన వల్ల కాదన్నాడు. ఎర్రగుంట్లలో రైలెక్కి మద్రాసు వెళ్ళాను. అక్కడి షాపతను బల్ల మీద రకరకాల పికప్‌లు పెట్టాడు. లోపల ఒకే రాగి చుట్టు ఉన్నవి స్వచ్ఛంగా పలుకుతాయి గానీ ట్యూబ్‌లైటు, జనరేటరు దగ్గరుంటే గుయ్యిమంటాయి. మా పెళ్ళిళ్ళలో ఆ రెండూ లేని స్టేజీ ఉండదు. పక్కపక్కన రెండు చుట్లు ఉన్నవాటికి ఆ బాధ లేదు, కానీ అవి వెడల్పు. వాటిని పట్టించాలంటే గిటార్ చెక్కను ఉలితో తొలచాలి. అన్న చెయ్యి ఆనిన చోట చెక్క నునుపు తేలి ఉంది. దానికి ఉలి పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

చివరికి ఒక చుట్టు మీద ఇంకో చుట్టు పేర్చి పాత కొలతలోనే చేసినవి చూపించాడు. గుయ్యిమనవు, చెక్క కొయ్యనక్కర్లేదు. మైనం గట్టిగా పోసి ఉంది. “పైన ఎంత కొట్టినా పలకదు సార్, తీగ కదిలితేనే పలుకుతుంది,” అన్నాడు. నాకు కావలసిందీ అదే. ఆ స్టేజీ మీద నేను వాయించింది తప్ప ఇంకేమీ వినిపించకూడదు.

తిరిగొచ్చాక ఒక మధ్యాహ్నం నా షాపులో కూర్చుని పని పెట్టుకున్నాను. తీగలన్నీ విప్పాను. పైన ఉండే తెల్ల పలక మరలు తీసి, పాత పికప్‌ల వైర్లు ఊడదీసి, కొత్తవి పెట్టి టంకం వేశాను. పలక బిగించి ఆంప్లిఫయర్‌కు తగిలించాను. స్క్రూడ్రైవర్‌ను అయస్కాంతానికి తాకిస్తే టప్ మంది, అంటే లైను సరిగ్గా ఉన్నట్టు. తర్వాత నా ఉంగరంతో ప్లాస్టిక్ మీద కొట్టి చూశాను. స్పీకర్లో చడీచప్పుడూ లేదు. చిన్నప్పటిలా అరిచి చూశాను. ఏమీ లేదు. మద్రాసు షాపతను నిజమే చెప్పాడనుకున్నాను.

కొత్త తీగలు అలమారులో ఉంటే లేచి వెళ్ళాను. నా వెనక స్పీకర్లో టక్ టక్, కాస్త ఆగి టక్ అని వినిపించింది.

గిటార్ బల్ల మీద ఉంది. దానికి ఒక్క తీగ కూడా లేదు. షాపులో నేను తప్ప ఎవరూ లేరు. టంకాలు విప్పి మళ్ళీ వేశాను. వైరు మార్చాను, ఎర్తింగ్ చూశాను, ఆంప్లిఫయర్ కూడా మార్చాను. పక్క షాపు గ్రైండర్ వల్లనేమోనని వెళ్ళి అడిగితే, పొద్దుటి నుంచి వేయలేదన్నారు. ఆ చప్పుడు మళ్ళీ రాలేదు. అలసిపోయి ఉన్నాను, అలా అనిపించి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. అమ్మకు చెప్పలేదు.

పులివెందుల పెళ్ళిలో ముహూర్తం అయ్యేదాకా వాయించాం. నేనేం వాయించానో నాకే గుర్తులేదు. తర్వాత అందరినీ భోజనాలకు పిలిచారు. గిటార్‌ను స్టాండులో నిలబెట్టి, దాని వాల్యూం సున్నాకు తిప్పి దిగాను. ఎప్పుడు దిగినా అలా తిప్పడం నాకు అలవాటు. ఆ రోజూ తిప్పానని ప్రమాణం చేసి చెప్పగలను.

హాల్లోనే, స్టేజీకి ఎదురుగా బంతి వేశారు. నడుమ అమ్మ, ఆమె పక్కన నేను, నా పక్కన బాషా మామ. ఎదుటి వరసలో వియ్యంకులిద్దరూ. మాకు వడ్డించమని పెద్దాయనే చెయ్యి ఊపి చెప్పాడు. అమ్మ ఆకులో అన్నం పడింది, పప్పు పడింది. ఎదుటి వరసంతా తినడం ఆపి అమ్మ చేతినే చూస్తోంది. అమ్మ ముద్ద కలిపింది.

స్పీకర్లన్నిట్లో ఒకేసారి టక్ టక్ మంది. ఆగింది. మళ్ళీ టక్ మంది.

హాలంతా తలలు తిప్పి చూసింది. స్టేజీ మీద ఎవరూ లేరు.

“ఊఁ, కానీ నాయనా,” అంది అమ్మ. గట్టిగా కాదు, వంటింట్లోంచి అన్నట్టే అంది. తర్వాత చేతిలోని ముద్దను ఆకులో పెట్టేసి, ఆకును అన్నంతో సహా మడిచింది. మా వైపు అన్నం ముట్టకుండా ఆకు మడవడమంటే ముఖాన కొట్టినట్టే.

“ఏందిమ్మా, తినకుండానే మడిస్తివి?” అన్నాడు పెద్దాయన.

“నా బిడ్డ ఇంకా మొదలే పెట్టలేదప్పా. నేనెట్ల ముగించేది?” అని అమ్మ లేచింది.

మమ్మల్ని ఎవరూ ఆపలేదు. నేను స్టేజీ ఎక్కి గిటార్ తీసుకున్నాను. వాల్యూం సున్నాలోనే ఉంది. బస్సులో ముద్దనూరు వచ్చేదాకా ఎవరైనా వెంటపడతారేమోనని వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. ఎవరూ రాలేదు. ఆ తర్వాత కూడా మా జోలికి ఎవరూ రాలేదు. ఎందుకు రాలేదో అదీ నాకు తెలియదు.

అమ్మ తినలేదు కాబట్టి కేసు నిలబడుతుందనుకున్నాను, వెర్రివాణ్ణి. బాషా మామ బోనెక్కి, పొగలో తనకేమీ కనపడలేదన్నాడు. ఎవరి గొంతూ వినలేదన్నాడు. మిగతావాళ్ళూ అదే పాట. నిందితులందరినీ వదిలేశారు. బయట వాళ్ళు టపాకాయలు కాలుస్తుంటే అమ్మ చెవులు మూసుకుని నిలబడింది.

చాలా రోజుల తర్వాత ఆ పెళ్ళి వీడియో తీసినతను తన క్యాసెట్ ప్లేయర్‌ను రిపేరుకు తెచ్చాడు. పరీక్షించడానికి తెచ్చిన క్యాసెట్ ఆ పెళ్ళిదే. భోజనాల దగ్గర చూశాను. గరిటెల చప్పుడు ఉంది, పిల్లల ఏడుపు ఉంది, వడ్డించేవాళ్ళ కేకలు ఉన్నాయి. టక్కుమన్న చప్పుడు మాత్రం లేదు. వెనక్కి తిప్పి ఎన్నిసార్లు విన్నా లేదు. కానీ తలలు తిరగడం ఉంది. హాలంతా ఒక్కసారే స్టేజీ వైపు తిరిగింది. నోటి దాకా వెళ్ళిన బాషా మామ చెయ్యి అక్కడే ఆగిపోయింది. పెద్దాయన సగం లేచి ఖాళీ స్టేజీ వైపు చూస్తున్నాడు. ఏమీ వినలేదని కోర్టులో చెప్పినవాళ్ళంతా ఆ రోజు విన్నారు.

జనరేటరు లోడు మారితే స్పీకర్లో చప్పుడు వస్తుంది, నాకూ తెలుసు. మా అన్న కొట్టే వరసలో ఎలా వస్తుందో, క్యాసెట్‌లో ఎందుకు పడలేదో నేను చెప్పలేను. గిటార్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ పికప్‌ల మీద ఉంగరంతో కొడితే ఇవాళ్టికీ పలకవు.

అమ్మ పోయేదాకా నన్ను ఒక్కటే అడిగేది.

“నేను కానీమన్నా గదప్పా. మరి వాడెందుకు మొదలుపెట్టలేదు?”