పావురాల పెట్టెలో తెల్లగుడ్డ

నా చిన్నప్పుడు మండవల్లిలో మా ఇంటి చూరు కింద ఒక పావురాల పెట్టె ఉండేది. అందులో ఒకటే జంట. ఆడది తెల్లటిది, నా అరచేతిలో నూకలు పోస్తే వచ్చి తినేది. గుడ్లు పెట్టి పొదిగే వేళకు అది ఎందుకో డీలా పడిపోయింది. గూట్లో కుదురుగా కూర్చోదు, ఒళ్లంతా పొడుచుకుంటుంది, నూకలు చూపించినా మొహం తిప్పేస్తుంది. అది చచ్చిపోతుందేమోనని నాకు అన్నం సయించేది కాదు.

మా మామ్మ మాత్రం కారణం అప్పటికే కనిపెట్టేసింది. పక్కింటి టీచరమ్మ గారు రోజూ బడి నుంచి వస్తూ మా గుమ్మం ముందు ఆగి, తలెత్తి పెట్టె వంక చూసేవారు. "ఏవిటే ఆవిడ చూపు? పిట్టకి దిష్టి కొట్టేసింది," అనేది మామ్మ. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోసినా గుణం లేదు. నాకైతే ఆవిడ చేతిసంచీ మీద కూడా అనుమానమే. అందులోంచి ఏదో తీసి చల్లిపోతున్నారని అరుగు మీద కూర్చుని కాపలా కాసేదాన్ని.

ఆవిడకు తెలియకుండా ఉంటుందా? ఒక సాయంత్రం తిన్నగా లోపలికే వచ్చేశారు. "మామ్మగారూ, మీ పావురానికి పురుగు పట్టిందేమోనండి. మా పుట్టింట్లో పావురాలు ఇలాగే పోయాయి. పగలు చెక్క సందుల్లో దాక్కుని, రాత్రిళ్లు రక్తం తాగుతుందండీ అది. పెట్టెలో తెల్లగుడ్డ కట్టి పొద్దున్నే చూడండి," అన్నారు. మామ్మ మొహం చూసి ఆవిడే చిన్నగా నవ్వారు. "గుడ్డ కూడా మీ ఇంట్లోదే తీసుకోండి, మీ చేత్తోనే కట్టండి. నేను ముట్టుకోను లెండి."

మామ్మ తన పాత చీర చింపి కట్టింది. పైగా ఎవరూ రాకుండా పెట్టె కిందే మంచం వాల్చుకుంది. తెల్లారి గుడ్డ విప్పితే మడతల్లో ఆవగింజ కన్నా సన్నటి చుక్కలు కదులుతున్నాయి. గోటితో నొక్కితే ఎర్రటి మరక. అడుగున పరిచిన గడ్డి ఎత్తి చూస్తే అంతా అవే. ఆ గడ్డి వేసింది మామ్మే. మా కోడి పొదిగిన గుడ్లన్నీ పిల్లలయ్యాయని, ఆ గంపలోని గడ్డి అచ్చొస్తుందని, దాచి మరీ పావురానికి పరిచింది. కోడికి పట్టిన పురుగూ దానితోనే వచ్చేసింది.

గడ్డి తగలబెట్టాం. పెట్టె సందుల్లో మరిగే నీళ్లు పోసి ఎండబెట్టాం. పశువుల ఆస్పత్రిలో ఇచ్చిన పొడిని కళ్లలో పడకుండా రెక్కల కింద ఎలా రాయాలో టీచరమ్మ గారే చూపించారు. సందుల్లో మిగిలిన పురుగు గుడ్లు పగులుతాయని వారం పోయాక మళ్లీ అంతా చేయించారు. పొదుగుతున్న గుడ్లు మురిగిపోయాయి కానీ నా పావురం బతికింది.

తప్పయిందన్న మాట మామ్మ నోట రాలేదు. బొమ్మిడాయి చేపల పులుసు గిన్నెతో నన్ను వెంటేసుకుని ఆవిడ గుమ్మంలో నిలబడింది. టీచరమ్మ గారు అక్కడే మూత తీసి, వేలు ముంచి నోట్లో పెట్టుకున్నారు. "పులుపు బాగా కుదిరిందండీ," అన్నారు. ఎక్కడైనా జంకు కనిపిస్తుందేమోనని ఆవిడ మొహంలోకే చూశాను. లేదు.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో మా మనవరాలి లవ్‌బర్డ్స్ పంజరానికి నేనూ తెల్లగుడ్డ కడుతుంటాను. అనుమానం మా వంశంలోనే ఉంది, నాకూ పోలేదు. అయినా ఒకరిని వేలెత్తి చూపించబోయే ముందు మా ఇంటి గడ్డి ఎత్తి చూసుకోవడం అలవాటైంది. తనను అనుమానించిన చేతి పులుసును ఆవిడలా జంకు లేకుండా రుచి చూడటం మాత్రం, ఈ వయసుకీ నాకు చేతకాలేదు.