చిన్నమ్మ పేనిన ఎర్రపత్తి దారం

లేసు కుట్టే అమ్మలందరికీ, ఆరోగ్యాలు ఎలా ఉన్నాయి? మందస అక్కా, మోకాళ్ళ నొప్పి తగ్గిందా? టెక్కలి మరదలు కిడ్నీ పరీక్ష చేయించుకుందా, మళ్ళీ వాయిదా వేసిందా? పిల్లల దగ్గులు ఎలా ఉన్నాయి? నా సంగతి చెప్పాలంటే చెయ్యి ఆడటం లేదు. బారువలో మా చిన్నమ్మ పోయింది. మా అమ్మకి చెల్లెలు.

ఆ రోజు ఆమె దగ్గరికే బయల్దేరాను. అమ్మ కుట్టిన లేసు గుడ్డ మూల చిరిగితే సంచిలో పెట్టుకున్నాను. బస్సు మందస దాటకముందే ఫోనొచ్చింది. ఆ సంచితోనే వెళ్ళి ఆఖరి చూపు చూసొచ్చాను.

పాత లేసుకి బజారు దారం తగలనిచ్చేది కాదు చిన్నమ్మ. చిరిగిన చోట కొస విప్పి, ఎన్ని పోగులో, పురి ఎటు తిరిగిందో వేళ్ళతో చూసుకునేది. ఎర్రపత్తి తెప్పించి, తకిలి మీద వడికి, అచ్చం ఆనాటి దారమే పేనేది. ఆ పత్తికి పుట్టుకతోనే లేత గోధుమ రంగు, ఎంత ఉతికినా పోదు. పల్చని గంజిలో ముంచి, సముద్రపు గాలికి వసారాలో ఆరేసేది. వాన పడుతుందేమో, కాకి ఎత్తుకుపోతుందేమో అని నా బెంగ.

"కాకి లేసు కుట్టుకుంటాదేటే అమ్మీ? కూకో," అనేది.

కిందటేడు అమ్మ గుడ్డకే నడిమధ్య చిరుగు బాగుచేసి ఇచ్చింది. ఎంత తడిమినా అతుకు తెలియలేదు.

"మీయమ్మ పేనిన దారమే అనుకో. ఉతక్కు మరి. నీడన ఆరెట్టుకో, సాలు."

అంతకుముందెప్పుడూ ఉతకొద్దనలేదు. నా బెంగ చూసి చెప్పిందనుకున్నాను.

చావింటికి వెళ్ళిన గుడ్డ ఏదైనా తడపాల్సిందే కదా. మా కోడలు సంచిలోవన్నీ తొట్టిలో వేసింది.

"అత్తా, ఇదేటి, నడుమ తెల్లగైపోనాది?"

నీళ్ళు టీ రంగు తిరిగాయి. అమ్మ గుడ్డ మధ్యలో అరచేయంత మేర బజారు దారం.

చూపు ఆనడం లేదని, వేళ్ళు వణుకుతున్నాయని ఒక్క మాట చెప్పి ఉంటే ఏమనేదాన్ని? డికాషన్ కాచి, దారం ముంచి, సొంత అక్క కూతుర్ని నమ్మించింది. దారం పట్టి చూడడం నాకు నేర్పింది ఆమే. ఆ వేళ్ళతోనే తడిమి మోసపోయాను. అమ్మది ఇంకేమీ లేదు నా దగ్గర.

మీ ఇళ్ళల్లో ఆమె ఈమధ్య బాగుచేసిన గుడ్డలుంటే ఉతకకండి. నీడన ఆరేసుకోండి, చాలు. ఏడ్చేది నేనొక్కదాన్ని చాలు.

వసారా దూలానికి తకిలి ఇంకా వేలాడుతోందట, కాస్త దారం చుట్టే ఉందట. అది ఎర్రపత్తో కాదో తడిపి చూడాలి. పన్నెండో రోజు శనివారం పడింది. పొద్దుటి బస్సుకే బారువ వెళ్తున్నాను.