పోర్తోలో మేడమ్‌కి మొట్టికాయ

జూన్ చలికి వణుకుతూ సాయంత్రం ఐదున్నరకు సిడ్నీలోని హారిస్ పార్క్ స్టేషన్‌లో రైలెక్కాను. సూట్‌కేసులో రెండు చీరలు, ఒక డబ్బా సున్నుండలు. బుర్రలో మాత్రం ఒక తప్పు. అది నాది కాదు, నా పీహెచ్‌డీ గైడు హెలెన్ మేడమ్‌ది.

పాత ఇనుప వంతెనల మీద గాలి ఒత్తిడి లెక్కగట్టడానికి ఆవిడ ఎప్పుడో రాసిన సూత్రంలో ఒక బరువు రెండుసార్లు కలిసిపోయింది. ముందురోజే నా కంటపడింది. పోర్చుగల్‌లోని పోర్తో నగరంలో ఇంజనీర్ల సభలో మేమిద్దరం చదవబోయే పేపరంతా ఆ సూత్రం మీదే నిలబడి ఉంది. చెప్పకపోతే అందరిముందూ ఆవిడ పరువు పోతుంది. చెబుదామంటే, తెనాలిలో మాస్టార్ల ముందు చేతులు కట్టుకుని పెరిగినదాన్ని, నోరు పెగలదు.

స్టేషన్‌కి దిగబెట్టడానికి వచ్చిన నా రూమ్మేట్ నస్రీన్‌ది హైదరాబాద్. “ఫ్లైట్‌ల పక్కపక్కనే కూసుంటరు గదా, చెప్పెయ్. ఏం జేస్తది, సముద్రంల దింపుతదా?” అంది.

దోహాకి విమానంలో పధ్నాలుగు గంటలు, పక్కసీట్లో మేడమ్. భోజనం రెండుసార్లు వచ్చింది. నేను నాలుగుసార్లు నోరు తెరిచి, నాలుగుసార్లూ “మీ బన్ను తింటారా మేడమ్?” అనే అడిగాను.

మర్నాడు మధ్యాహ్నం లిస్బన్‌లో దిగి, మూడున్నర దాటాక పోర్తో రైలెక్కాం. మూడు గంటల ప్రయాణం, కిటికీ సీటు, భగభగలాడే ఎండ. ఎదురుగా కూర్చున్న కాలేజీ అమ్మాయి ఇంగ్లీషులో హెచ్చరించింది: “రేపు సెయింట్ జాన్ పండగ. ప్లాస్టిక్ సుత్తితో ఎవరు ఎవరి నెత్తినైనా కొట్టొచ్చు. కోపం తెచ్చుకోకూడదు.” నేను నమ్మలేదు.

పొద్దున తొమ్మిదింటికి బయల్దేరి దోరో నది మీది రెండంతస్తుల ఇనుప వంతెన పైఅంతస్తున నడిచాం. కింద వైన్ పడవలు, ఒడ్డున ఎర్రపెంకుల ఇళ్లు. వెళ్లేవాళ్లు గట్టి చెప్పులు వేసుకోండి, ఊరంతా మెట్లే. మధ్యాహ్నం వీధిలోనే నిప్పుల మీద కాల్చిన కవళ్ల చేపలు తిన్నాం. మా అమ్మమ్మ చూస్తే కారం లేదని దులిపేసేది. నేను మాత్రం ఆరు లాగించాను.

సాయంత్రం ఐదింటికి నదిఒడ్డు కిక్కిరిసింది. నల్ల ఏప్రన్ కట్టుకున్న ఒక ముసలమ్మ నా నెత్తిన ‘పీక్’మని ఒకటిచ్చి, మేడమ్‌కి రెండిచ్చి, నవ్వుతూ వెళ్లిపోయింది. ఆవిడ వెనకే ఇంకో పదిమంది. మేడమ్ రెండు సుత్తులు కొన్నారు.

“కొట్టు” అన్నారు.

“అమ్మో, మిమ్మల్నా?”

“ఇది ఈ ఊరి ఆచారం. గట్టిగా!”

కళ్లు మూసుకుని ఒకటిచ్చాను. ఆవిడ పడీపడీ నవ్వారు. ఇంకోటిచ్చాను. నాకూ నవ్వు ఆగలేదు. మూడో దెబ్బతో మాట జారిపోయింది: “మేడమ్, మీ సూత్రంలో తప్పుంది.”

సుత్తి ఇంకా ఆవిడ నెత్తిమీదే ఉంది.

మేడమ్ నవ్వు ఆపేశారు. మెట్టు మీద కూర్చుని, చేపలు చుట్టిన కాగితం వెనక పెన్నుతో లెక్క మొదలెట్టారు. పది నిమిషాలు పట్టింది.

“ఎప్పుడు తెలిసింది?”

“సిడ్నీలోనే.”

“రెండు విమానాలు, ఒక రైలు!” అంటూ నా నెత్తిన టపటపా మూడు తగిలించారు. “ఇక పద, ఆకలేస్తోంది.”

మర్నాడు పండగ సెలవు. బస చేసిన గది బాల్కనీలోనే కూర్చుని లెక్కలన్నీ తిరగరాశాం. ఆ తర్వాతి రోజు సభలో ఆవిడ మొదటి మాటే, “ఇన్నేళ్లుగా నా సూత్రం తప్పు. పట్టుకున్నది ఈ అమ్మాయి” అని మైకు నా చేతికిచ్చేశారు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

అంతమంది ముక్కూమొహం తెలియనివాళ్లు కొట్టినా, అంత హాయిగా నేను ఏ ఊళ్లోనూ తిరగలేదు. తిరుగు ప్రయాణంలో దోహా దాటాక మేడమ్ తన కొత్త పుస్తకం రాతప్రతి నా ఒళ్లో పెట్టి, కళ్లకు పట్టీ కట్టుకుని పడుకున్నారు. ముప్పై నాలుగో పేజీలో ఒక లెక్క తేడా కొట్టింది. ఆవిడ గాఢనిద్రలో ఉన్నారు.

భుజం తట్టి లేపాను.